మనస్సాక్షి ఖైదీలు, పరాయి దేశంలో ఆశ్రయం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫలానా దేశం ఇంతమంది ఖైదీల్ని వదిలేసింది, వాళ్ళు విమానంలో ఫలానా చోట దిగారు అని వార్త వస్తుంది. ఫోటోలో అందరూ ఏడుస్తూ నవ్వుతూ ఉంటారు, రెండు రోజుల తర్వాత ఆ సంగతి ఎవరూ మాట్లాడరు. ఆ విమానం ఎలా వచ్చింది, ఎక్కినవాళ్ళని ఎవరైనా అడిగి ఎక్కించారా, దిగాక వాళ్ళ దగ్గర ఏ కాగితం ఉంది అన్న ప్రశ్నలకి జవాబులు ఇక్కడ రాస్తున్నాను. మధ్య అమెరికాలోని నికరాగువా గురించే ఎక్కువ ఉంటుంది, ఎందుకంటే ఈ వ్యవహారంలోని మంచీ చెడూ రెండూ అక్కడ ఒక్కచోటే దొరుకుతాయి. క్యూబా, బెలారుస్, చిలీ, తూర్పు జర్మనీ అవసరమైన చోట వస్తాయి.

మనస్సాక్షి ఖైదీ అంటే ఎవరు? రాజకీయ ఖైదీ అంటే సరిపోదా?

సరిపోదు. రాజకీయ ఖైదీల్లో తుపాకి పట్టినవాళ్ళు కూడా ఉండొచ్చు. మనస్సాక్షి ఖైదీ అంటే తన నమ్మకం, మతం, జాతి, భాష లాంటి కారణాలతో జైలుకెళ్ళిన మనిషి, హింసకు దిగనివాడు, దిగమని ఎవరికీ చెప్పనివాడు. 1961 మే 28న లండన్ 'అబ్జర్వర్'లో పీటర్ బెనెన్సన్ అనే లాయరు రాసిన వ్యాసం నుంచే ఈ ప్రచారమంతా మొదలైంది, ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ పుట్టిందీ అక్కడే. హింస గురించిన షరతుని వాళ్ళు గట్టిగానే పాటించారు. నెల్సన్ మండేలాని మొదట తమ ఖైదీగా తీసుకుని, 1964 రివోనియా కేసులో ఆయన సాయుధ చర్యని సమర్థించాక ఆ హోదా తీసేశారు. రష్యా ప్రతిపక్ష నాయకుడు అలెక్సీ నవాల్నీకి 2021 ఫిబ్రవరిలో పాత మాటల కారణంగా తీసేసి, మే నెలలో క్షమాపణ చెప్పి మళ్ళీ ఇచ్చారు. ఆ మూడు నెలల గొడవ వల్ల క్రెమ్లిన్‌కి తప్ప ఎవరికీ లాభం జరగలేదని నా అభిప్రాయం.

ఒకటి గుర్తుంచుకోండి, ఈ హోదా చట్టపరమైనది కాదు. ఏ దేశపు వీసా ఆఫీసరూ దాన్ని చూసి ముద్ర కొట్టడు. కాకపోతే ఆ పేరు నలుగురి నోట్లో నానుతుంది, బేరసారాలప్పుడు జాబితాలోకి ఎక్కుతుంది.

జైల్లో ఉండగానే శరణార్థిగా అప్లై చేసుకోవచ్చా?

మామూలుగా అయితే కుదరదు, చాలామందికి తెలియని పెద్ద చిక్కు ఇదే. 1951 శరణార్థుల ఒప్పందం ప్రకారం సొంత దేశం బయట ఉన్నవాడే శరణార్థి. లోపల ఎంత ప్రమాదంలో ఉన్నా, సరిహద్దు దాటేదాకా ఆ చట్టం దృష్టిలో లేనట్టే. అందరికంటే ఎక్కువ అవసరం ఎవరికి ఉందో వాళ్ళకే ఆ తలుపు మూసి ఉంటుంది.

అందుకే దేశాలు పక్కదారులు పెట్టుకున్నాయి. జర్మనీ తన నివాస చట్టంలోని 22వ సెక్షన్ కింద మానవతా కారణాలతో నేరుగా లోపలికి తీసుకోగలదు. అమెరికా చట్టంలో కొన్ని దేశాల వాళ్ళని అక్కడే ఉండగా శరణార్థిగా పరిశీలించే వీలుంది. వియత్నాంతో 1989లో కుదిరిన ఒప్పందం కింద, 'రీ-ఎడ్యుకేషన్' శిబిరాల్లో మూడేళ్ళూ అంతకంటే ఎక్కువా మగ్గినవాళ్ళని కుటుంబాలతో సహా తీసుకెళ్ళింది ఈ పద్ధతిలోనే. ఆ ఒప్పందం వెనక వర్జీనియాలో ఉండే ఖుక్ మిన్ థో అనే ఆవిడా, ఆమె నడిపిన ఖైదీల కుటుంబాల సంఘమూ ఉన్నాయి. ఏళ్ళ తరబడి పేర్లు, తేదీలు, శిబిరాల వివరాలు పోగుచేసి వాషింగ్టన్ ఆఫీసుల చుట్టూ తిరిగారు. చివరికి వచ్చినవాళ్ళు, కుటుంబాలతో కలిపి, లక్షకి పైనే.

చిలీలో ఇంకో విచిత్రం. నియంత పినోచే ప్రభుత్వం 1975లో 504వ నంబరు డిక్రీ తెచ్చింది. మిలిటరీ కోర్టులో శిక్ష పడినవాడు మిగిలిన జైలు కాలాన్ని దేశబహిష్కరణగా మార్చమని అడుక్కోవచ్చు, కానీ ఏదో ఒక దేశం వీసా ఇస్తానని కాగితం చూపించాలి. అప్పుడు ఖైదీలు జైలు గదుల్లోంచే రాయబార కార్యాలయాలకి ఉత్తరాలు రాశారు. బయట బ్రిటన్‌లో, స్వీడన్‌లో, కెనడాలో ఉన్న సంఘాలు ఒక్కో పేరూ పట్టుకుని తమ ప్రభుత్వాల వెంటపడ్డాయి. ఒక వీసా వస్తే ఒక మనిషి బయటికి వచ్చేవాడు. అంత నేరుగా పని జరిగిన సందర్భాలు తక్కువ.

మరి 2023లో నికరాగువా నుంచి 222 మంది ఖైదీలు ఒకేసారి అమెరికాకి ఎలా వచ్చారు?

కాస్త వెనక్కి వెళ్ళాలి. 2018 ఏప్రిల్‌లో పింఛన్ల కోతకి వ్యతిరేకంగా మొదలైన నిరసన దేశమంతా పాకింది. పోలీసులూ, ముసుగులేసుకున్న సాయుధ మూకలూ కాల్పులు జరిపితే 300 మందికి పైగా చనిపోయారు. 2021 నవంబరు ఎన్నికల ముందు, అధ్యక్షుడు డేనియల్ ఒర్టెగా మీద పోటీ చేస్తామన్న ఏడుగురినీ వరసగా అరెస్టు చేశారు. వాళ్ళతో పాటు విలేకరులు, విద్యార్థి నాయకులు, రైతు నాయకులు, లాయర్లు, ఫాదరీలు.

వాళ్ళలో ఇద్దరి సంగతి చెప్పకపోతే ఇదంతా అర్థం కాదు. ఒకరు హ్యూగో టోరెస్. 1974 డిసెంబరులో నియంత సొమోజా మనుషుల్ని బందీలుగా పట్టుకుని, బదులుగా జైల్లో ఉన్న శాండినిస్టాల్ని (సొమోజా మీద తిరగబడ్డ గెరిల్లాల్ని) విడిపించిన దళంలో ఆయన ఉన్నాడు. అలా బయటపడ్డవాళ్ళలో ఒకడు ఈ ఒర్టెగాయే. అదే ఒర్టెగా ప్రభుత్వం 2021లో టోరెస్‌ని జైల్లో వేసింది, 2022 ఫిబ్రవరిలో 73 ఏళ్ళ వయసులో నిర్బంధంలోనే చనిపోయాడు. రెండోవారు డోరా మరియా తేయెజ్, 1978లో నేషనల్ ప్యాలెస్‌ని పట్టుకున్న గెరిల్లా కమాండర్. ఆమెని రాజధాని మనాగువాలోని ఎల్ చిపోతే జైల్లో ఏడాదిన్నరకి పైగా ఒంటరి గదిలో ఉంచారు.

2023 ఫిబ్రవరి 9 తెల్లవారుజామున ఖైదీల్ని నిద్రలేపి, మామూలు బట్టలిచ్చి, బస్సులెక్కించారు. ఎక్కడికో చెప్పలేదు. వేరే జైలుకేమో అనుకున్నారు కొందరు, ఇంకా ఘోరమైనదేదో ఊహించుకున్నారు కొందరు. ఇష్టపూర్వకంగా వెళ్తున్నామన్న చిన్న కాగితం మీద సంతకం పెట్టమన్నారు. అమెరికా ఏర్పాటు చేసిన చార్టర్ విమానం వాషింగ్టన్ దగ్గరి డలెస్ ఎయిర్‌పోర్టులో దిగింది. చేతికి కొత్త పాస్‌పోర్టులు ఇచ్చారు. వాళ్ళు ఇంకా గాల్లో ఉండగానే మనాగువాలో ఒక న్యాయమూర్తి వాళ్ళని దేశద్రోహులుగా ప్రకటించి 'బహిష్కరించాం' అన్నాడు, పార్లమెంటు పౌరసత్వం తీసేసే పని మొదలుపెట్టింది. అంటే ఇచ్చిన పాస్‌పోర్టు విమానం దిగేసరికి చెల్లని కాగితం.

ఇది బేరం కాదు, ఏకపక్షంగా తీసుకున్న నిర్ణయం అని రెండు ప్రభుత్వాలూ అన్నాయి. అలా అనుకున్నా సరే, విమానం, వీసాల పని, హోటల్ గదులు ఒక్క రాత్రిలో సిద్ధం కావు కదా.

ఎక్కను అన్నవాళ్ళ సంగతేమిటి?

నాకు ఈ మొత్తం విషయంలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే.

నికరాగువా ఇచ్చిన జాబితాలో ఉన్న బిషప్ రోలాండో అల్వారెజ్ ఆ రోజు విమానం ఎక్కనన్నాడు. మర్నాడే 26 ఏళ్ళ 4 నెలల శిక్ష వేశారు, పౌరసత్వమూ తీసేశారు. దాదాపు ఏడాది తర్వాత, 2024 జనవరిలో, ఆయన్నీ మరో బిషప్‌నీ, ఇంకొందరు ఫాదరీల్నీ కలిపి 19 మందిని వాటికన్‌కి పంపించారు.

క్యూబాలో 2003 మార్చిలో 75 మంది ప్రభుత్వ విమర్శకుల్ని ఒక్క ఊపులో అరెస్టు చేసి పెద్ద పెద్ద శిక్షలు వేశారు. 2010 ఫిబ్రవరిలో ఓర్లాండో జపాటా అనే ఖైదీ నిరాహారదీక్ష చేసి చనిపోవడంతో ఒత్తిడి పెరిగింది. క్యూబా కాథలిక్ మతపెద్ద కార్డినల్ హైమే ఒర్టెగా, స్పెయిన్ విదేశాంగ మంత్రి మొరాటినోస్ మధ్యలో పడి, 75 మందిలో ఇంకా లోపలున్న 52 మందిని వదలడానికి ఆ జులైలో ఒప్పించారు. ఎక్కువమంది మాడ్రిడ్ వెళ్ళారు. ఓ డజను మంది మాత్రం దేశం వదలం అన్నారు. వాళ్ళని చిట్టచివరికి, 2011 మార్చి దాకా ఆపి ఆపి వదిలారు. ఆ డజనులో ఒకడైన హోసే డేనియల్ ఫెరర్ తర్వాత మళ్ళీ మళ్ళీ జైలుకెళ్ళాడు, చివరికి 2025 అక్టోబరులో కుటుంబంతో మయామీ చేరాడు. 2011లో పోనన్న మనిషి 2025లో ఎందుకు ఒప్పుకున్నాడని ఆయన్ని తప్పుపట్టేవాళ్ళకి నా దగ్గర మర్యాదైన జవాబు లేదు.

బెలారుస్‌లో ప్రతిపక్ష నాయకురాలు మరియా కలెస్నికవాని 2020 సెప్టెంబరులో బలవంతంగా ఉక్రెయిన్ సరిహద్దుకి తీసుకెళ్తే, తన పాస్‌పోర్టు తానే చింపేసి వెళ్ళకుండా ఆగిపోయింది. 11 ఏళ్ళ శిక్ష పడింది. 2025 డిసెంబరులో 123 మందిని వదిలినప్పుడు ఆమె బయటపడింది, దింపింది మాత్రం ఉక్రెయిన్‌లోనే. అదే ఏడాది సెప్టెంబరులో 52 మందిని లిథువేనియాకి తోలుతుంటే మరో ప్రతిపక్ష నాయకుడు మికోలా స్తత్కేవిచ్ సరిహద్దు దగ్గర బస్సు దిగిపోయి, రెండు దేశాల మధ్య ఉన్న ఖాళీ స్థలంలో గంటల తరబడి కూర్చున్నాడు, ఆఖరికి వెనక్కే తీసుకెళ్ళారు.

2024 ఆగస్టు 1న టర్కీ రాజధాని అంకారాలో రష్యాకీ పశ్చిమ దేశాలకీ మధ్య జరిగిన పెద్ద ఖైదీల మార్పిడిలో బయటికొచ్చిన రష్యన్ నాయకుడు ఇల్యా యాషిన్ అయితే, నా ఇష్టం లేకుండా నన్ను నా దేశం నుంచి గెంటేశారు అని మర్నాడే ప్రెస్ ముందు చెప్పాడు. కొంతమంది ఇది కృతఘ్నత అన్నారు. నేననను. విశ్వ మానవ హక్కుల ప్రకటన 9వ అధికరణం అక్రమ అరెస్టు, నిర్బంధం, దేశబహిష్కరణ మూడూ కూడదని ఒకే వాక్యంలో చెబుతుంది. అంటే విమానం ఎక్కించడం ఒక ఉల్లంఘనని ఆపి ఇంకోదాన్ని మొదలుపెట్టడమే, ఎక్కేవాడు నిజంగా ఒప్పుకుంటే తప్ప.

జైలు గదిలో ఒప్పుకోవడానికి అసలు అర్థం ఉందా?

తక్కువే. తెల్లవారుజామున కాగితం ముందు పెట్టి, సంతకం పెడితే విమానం, పెట్టకపోతే మళ్ళీ అదే గది అంటే అది ఒప్పుకోలు కాదు. అయినా చేయగలిగినవి ఉన్నాయి. మధ్యవర్తి దేశం ముందే అడగొచ్చు: ఖైదీతో మా ప్రతినిధి ఒంటరిగా మాట్లాడాలి, కుటుంబానికి ఒక ఫోన్ చేయనివ్వాలి, ఎక్కనన్నవాడికి శిక్ష పెంచకూడదు అని. క్యూబాలో కార్డినల్ స్వయంగా ఖైదీలకి ఫోన్ చేసి స్పెయిన్ వెళ్తారా అని అడిగాడు. లోపాలు ఎన్నున్నా, అడగడం అనేది జరిగింది. వెళ్ళనన్నవాళ్ళు ఆలస్యంగానైనా సొంత ఊళ్ళోనే బయటపడ్డారంటే ఆ ఫోన్ కాల్‌కి కొంత విలువ ఉన్నట్టే.

పౌరసత్వం తీసేస్తే ఏమవుతుంది? ఇంకో దేశం ఇస్తుంది కదా?

కొందరికి ఇచ్చింది. 222 మందికీ స్పెయిన్ మర్నాడే పౌరసత్వం ఇస్తానంది, తర్వాత చిలీ, అర్జెంటీనా, మెక్సికో, కొలంబియా లాంటివీ ముందుకొచ్చాయి. వారం తిరక్కుండా నికరాగువా ఇంకో 94 మంది పౌరసత్వం తీసేసింది, వాళ్ళలో ఒకప్పటి ఉపాధ్యక్షుడూ రచయితా అయిన సెర్హియో రమీరెజ్, కవయిత్రి జియోకొండా బెల్లి ఉన్నారు.

పాస్‌పోర్టు ఒక్కటే అయితే ఫర్వాలేదు. ఇళ్ళు జప్తు చేశారు. పింఛన్లు ఆపేశారు. జనన రికార్డులు, డిగ్రీ రికార్డులు దొరకడం లేదని చాలామంది చెప్పారు. యాభై ఏళ్ళ డాక్టరు తను డాక్టరునని నిరూపించుకోలేకపోతే కొత్త దేశం పౌరసత్వం ఇచ్చి మాత్రం ఏం లాభం? పౌరసత్వ రాహిత్యాన్ని తగ్గించే 1961 ఒప్పందంలో రాజకీయ కారణాలతో ఎవరి జాతీయతా తీసేయకూడదని స్పష్టంగా ఉంది. నికరాగువా 2013లో ఆ ఒప్పందంలో చేరింది కూడా. ఆ సంతకం పెట్టించుకున్నవాళ్ళు ఇప్పుడేం చేయగలరు అంటే, ఇంకో దేశం అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్ళొచ్చు. వెళ్తామన్న మాటలు వినిపిస్తుంటాయి.

బెలారుస్ ఇంకో దారి పట్టింది. 2023 సెప్టెంబరు నుంచి విదేశాల్లోని తన ఎంబసీల్లో పాస్‌పోర్టు రెన్యూవల్ ఆపేసింది. కొత్తది కావాలంటే వెనక్కి రావాలి, వస్తే జైలు.

అమెరికాలో దిగినవాళ్ళకి వెంటనే గ్రీన్ కార్డు వచ్చిందా?

రాలేదు. హెచ్-1బీ క్యూలో ఉన్న మనవాళ్ళు కొందరు వీళ్ళకేం ఒక్క రోజులో వచ్చేసింది అంటుంటారు, అందుకే వివరంగా రాస్తున్నాను. వాళ్ళకిచ్చింది రెండేళ్ళ హ్యూమానిటేరియన్ పెరోల్, అంటే తాత్కాలికంగా ఉండే అనుమతి. వర్క్ పర్మిట్‌కి విడిగా అప్లై చేయాలి. అసైలం (ఆశ్రయం) కేసు ఎవరిది వాళ్ళే వేసుకోవాలి, మామూలుగా దిగిన ఏడాదిలోపు. అది మంజూరైన ఏడాదికి గ్రీన్ కార్డు అడగొచ్చు. చేతిలో డబ్బు లేదు, ఇంగ్లిష్ రాదు, జైలు నుంచి నేరుగా వచ్చారు. మొదటి కొద్ది రోజులు హోటల్, తర్వాత ఎవరో బంధువుల ఇల్లో, స్వచ్ఛంద సంస్థ చూపించిన గదో.

2024 సెప్టెంబరు 5న ఇంకో 135 మందిని ఈసారి గ్వాటెమాలాలో దింపారు. అక్కడి నుంచి అమెరికాకో ఇంకో దేశానికో శరణార్థులుగా అప్లై చేసుకోవాలన్నది పథకం. 2025 జనవరిలో అమెరికా కొత్త ప్రభుత్వం శరణార్థుల ప్రోగ్రామ్‌నే ఆపేసింది. ఆశ్రయం ఎంత గట్టిగా ఇచ్చినట్టు కనిపించినా, అవతలి దేశపు ఎన్నికల మీద ఆధారపడి ఉంటుంది.

మనవాళ్ళు కొందరు అమెరికాలో వేసే అసైలం ఇదేనా?

చట్టం ఒకటే. జాతి, మతం, జాతీయత, రాజకీయ అభిప్రాయం, ఫలానా సామాజిక వర్గానికి చెందడం, ఈ ఐదింటిలో ఏదో ఒక కారణంతో హింసిస్తారన్న భయం నిజంగా ఉండాలి. వీసా గడువు అయిపోవడం, హెచ్-1బీ లాటరీలో పేరు రాకపోవడం ఇందులో లేవు. కథ అల్లిస్తాం, వర్క్ పర్మిట్ వస్తుంది అనే ఏజెంట్లని నమ్మకండి. కావాలని తప్పుడు కేసు వేశారని జడ్జి తేల్చితే ఇమిగ్రేషన్ లాభాలన్నిటికీ జీవితాంతం తలుపులు మూసుకుపోవచ్చు. పైగా అలాంటి కేసులు పెరిగేకొద్దీ నిజమైనవాళ్ళని కూడా అనుమానంగానే చూస్తారు.

కుటుంబం వెనకే ఉండిపోతే?

ఇదే అసలు టెన్షన్. చైనాలో నోబెల్ శాంతి గ్రహీత ల్యూ షావ్‌బో భార్య ల్యూ షియా మీద ఏ కేసూ లేదు, అయినా 2010 నుంచి గృహనిర్బంధమే. భర్త నిర్బంధంలోనే చనిపోయిన ఏడాదికి, 2018 జులైలో జర్మనీ ఒత్తిడితో బెర్లిన్ చేరింది. తమ్ముడు మాత్రం చైనాలోనే ఉండిపోయాడు. అక్కడికెళ్ళాక ఆవిడ ఎంత జాగ్రత్తగా మాట్లాడాల్సి వచ్చి ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

కాగితాల వరకు చూస్తే, అమెరికాలో అసైలం వచ్చినవాళ్ళు భార్యనో భర్తనో, పెళ్ళికాని 21 ఏళ్ళలోపు పిల్లల్నో పిలిపించుకోవచ్చు. తల్లిదండ్రులు, తోబుట్టువులు ఆ లెక్కలోకి రారు. క్యూబా ఖైదీల విషయంలో స్పెయిన్ చేసిన మంచి పని, కుటుంబాల్ని అదే విమానాల్లో తీసుకురావడం.

కోర్టు నిర్దోషి అంటే ఇక ఆశ్రయంతో పనేముంది?

పాకిస్తాన్‌లో ఆసియా బీబీని అడగాలి. దైవదూషణ నేరం మోపి 2010లో ఉరిశిక్ష వేశారు. 2018 అక్టోబరు 31న సుప్రీంకోర్టు నిర్దోషి అని వదిలేస్తే దేశమంతా రోడ్లు దిగ్బంధం చేశారు, ఆమెని రహస్య ప్రదేశంలో దాచాల్సి వచ్చింది. 2019 మే నెలలో కెనడా చేరేదాకా ఆమె స్వేచ్ఛ కాగితం మీదే. ప్రభుత్వం వదిలినా వీధి వదలని కేసులు ఇవి.

డబ్బు కట్టి ఖైదీల్ని కొనుక్కున్నారని విన్నాను, నిజమా?

నిజమే. 1963 నుంచి 1989 దాకా పశ్చిమ జర్మనీ, తూర్పు జర్మనీ నుంచి దాదాపు 33,755 మంది రాజకీయ ఖైదీల్ని డబ్బిచ్చి విడిపించింది. మొదట్లో తలకి దాదాపు 40,000 మార్కులు, 1977 నుంచి 95,847. మొత్తం మూడు వందల కోట్ల మార్కులు దాటింది. నగదు చేతులు మారేది కాదు, చర్చి సంస్థ ద్వారా కాఫీ, నూనె, రాగి లాంటి సరుకుల రూపంలో వెళ్ళేది. తూర్పు వైపు లాయరు వోల్ఫ్‌గాంగ్ ఫోగెల్ మధ్యవర్తి. ఖైదీల్ని తూర్పు జర్మనీ నగరం కార్ల్-మార్క్స్-స్టాట్‌లోని కాస్‌బెర్గ్ జైల్లో పోగుచేసి, కొన్ని వారాలు తిండి బాగా పెట్టి, బస్సుల్లో పశ్చిమ జర్మనీలోని గీసెన్ శిబిరానికి పంపేవాళ్ళు. ఆ బస్సులకి సరిహద్దు దగ్గర తిప్పితే మారిపోయే నంబరు ప్లేట్లు ఉండేవి, తూర్పులో తూర్పు నంబరు, పడమట పడమటి నంబరు.

దీనివల్ల తూర్పు జర్మనీకి జనాన్ని జైల్లో వేయడం ఆదాయమార్గం అయిపోలేదా అని అప్పుడే అడిగారు. అయింది. 33 వేల మంది బయటపడ్డారు. రెండూ నిజాలే.

అంటే ఇది బ్లాక్‌మెయిల్‌కి లొంగడమే కదా?

చాలావరకు అవును. 222 మందిని పంపేశాక నికరాగువా జైళ్ళు ఖాళీగా ఉండిపోలేదు, ఏడాదిన్నరలో 135 మందిని పంపడానికి కావలసినంత మంది మళ్ళీ పోగయ్యారు. బెలారుస్‌లో 2025 సెప్టెంబరు విడుదలకి బదులుగా అమెరికా బెలావియా విమాన సంస్థ మీద ఆంక్షలు ఎత్తేసింది, డిసెంబరులో పొటాష్ ఎరువుల మీద. ఎరువుకీ మనిషికీ ముడిపెట్టిన బేరం అది. పైగా నియంతకి ఇందులో రెండో లాభం, బయటికెళ్ళిన ప్రతిపక్షం ఇంట్లో ఓట్లు అడగలేదు.

అయినా నేను బేరం వద్దనను. హ్యూగో టోరెస్‌లా లోపలే చనిపోతే సిద్ధాంతం గెలిచిందని ఎవరు చెప్పుకుంటారు? నా అభ్యంతరం బేరం ఆడటం మీద కాదు, చౌకగా ఆడటం మీద. విమానం ఒక్కటీ అడిగి ఊరుకుంటున్నారు. పౌరసత్వం ముట్టుకోకూడదు, ఇల్లు జప్తు చేయకూడదు, కుటుంబాన్ని రానివ్వాలి, పోనన్నవాణ్ణి ఇంటికి పంపాలి అన్నవి కూడా అదే కాగితం మీద రాయించొచ్చు. ఆంక్షలు ఎత్తేసే ముందు అడగడానికి అదొక్కటే సమయం.

ఏ సంస్థ ఏం చేస్తుంది?

అందరూ అన్నీ చేయరు, తప్పు తలుపు తడితే నెలలు పోతాయి. ఐక్యరాజ్యసమితిలో 1991 నుంచి ఉన్న అక్రమ నిర్బంధాల వర్కింగ్ గ్రూప్ ఫలానా అరెస్టు అక్రమం అని అభిప్రాయం ఇస్తుంది. దేశం వినకపోయినా, తర్వాత అసైలం కేసులో ఆ కాగితం బంగారం. డబ్లిన్‌లోని ఫ్రంట్ లైన్ డిఫెండర్స్ ప్రమాదంలో ఉన్న హక్కుల కార్యకర్తలకి త్వరగా చిన్న మొత్తాలు ఇస్తుంది, చోటు మారడానికి సాయపడుతుంది. అంతర్జాతీయ వలసల సంస్థ టికెట్లు, ప్రయాణ పత్రాలు, ఎయిర్‌పోర్టు పనులు చూస్తుంది. రచయితలకీ, సంగీతకారులకీ నార్వేలోని స్తవాంగర్ కేంద్రంగా ఐకార్న్ అనే నగరాల కూటమి ఉంది, ఒక్కో నగరం ఒక్కో కళాకారుడికి సాధారణంగా రెండేళ్ళు ఇల్లూ భత్యమూ ఇస్తుంది. అధ్యాపకులైతే స్కాలర్స్ ఎట్ రిస్క్, విశ్వవిద్యాలయాల్లో తాత్కాలిక ఉద్యోగాలు వెతుకుతుంది.

కెమెరాలకి దూరంగా పనిచేసేవాళ్ళు వేరే. హాంకాంగ్‌లో వ్యాపారం చేసిన జాన్ కామ్ అనే అమెరికన్ 1990 నుంచి చైనా అధికారులకి ఖైదీల పేర్ల జాబితాలు ఇచ్చి, వీళ్ళు ఎలా ఉన్నారు అని మర్యాదగా అడుగుతూ వచ్చాడు. తర్వాత దానికోసమే దుయ్ హువా అనే సంస్థ పెట్టాడు. అడిగిన పేరుకి జైల్లో కాస్త మెరుగైన తిండీ, ముందస్తు విడుదలా దొరికే అవకాశం పెరుగుతుందన్నది ఆయన అనుభవం. అరిచేవాళ్ళూ, అడిగేవాళ్ళూ ఇద్దరూ కావాలి. ఒకరినొకరు తిట్టుకోకుండా ఉంటే ఇంకా మంచిది.

బయటికెళ్ళాక ప్రమాదం తప్పినట్టేనా?

పూర్తిగా కాదు. నికరాగువా మాజీ మేజర్, ఒర్టెగా విమర్శకుడు రొబెర్తో సంకామ్‌ని 2025 జూన్ 19న కోస్టారికా రాజధాని సాన్ హొసేలో ఆయన ఇంట్లోనే కాల్చి చంపారు. అంతదాకా రాకపోయినా, మాడ్రిడ్‌లో దిగిన క్యూబా ఖైదీల్ని శివారు హాస్టళ్ళలో ఉంచితే, ఏ హోదా ఇస్తారో తేలక, పని దొరక్క, అప్పుడే స్పెయిన్‌లో ఆర్థిక సంక్షోభం కూడా కావడంతో చాలామంది విసిగి అమెరికా వెళ్ళిపోయారు.

ఎప్పటికైనా తిరిగి వెళ్ళగలరా?

కొందరు వెళ్ళారు. చిలీ ప్రవాసుల పాస్‌పోర్టుల మీద 'ఎల్' అనే అక్షరం కొట్టేవాళ్ళు, అంటే రానివ్వకూడని జాబితాలో ఉన్నాడని. 1980లలో రావచ్చన్న పేర్లు కొద్దికొద్దిగా ప్రకటించారు, 1988లో నిషేధం ఎత్తేశారు. అప్పటికి స్వీడన్‌లో పెరిగిన పిల్లలకి స్పానిష్ కంటే స్వీడిష్ బాగా వచ్చు, వాళ్ళు రామన్నారు. అలా రెండుసార్లు విడిపోయిన కుటుంబాలు ఉన్నాయి.

ఇండియా ఎవరికైనా ఆశ్రయం ఇచ్చిందా?

ఇచ్చింది, చట్టం లేకుండానే. మనం 1951 ఒప్పందంలో చేరలేదు, శరణార్థుల కోసం ప్రత్యేక చట్టమూ లేదు. చైనా జైళ్ళలోనూ లేబర్ క్యాంపుల్లోనూ 33 ఏళ్ళు గడిపిన టిబెటన్ భిక్షువు పాల్దెన్ గ్యాత్సో 1992లో బయటపడి ధర్మశాల చేరుకుని, 2018లో చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు. మరోపక్క హైదరాబాద్ బాలాపూర్‌లో ఐక్యరాజ్యసమితి శరణార్థి కార్డులు పట్టుకుని బతుకుతున్న రోహింగ్యాలకి ఆ కార్డు ఎంతవరకు పనికొస్తుందో ఎవరూ గట్టిగా చెప్పలేరు. చట్టం లేనప్పుడు ఎవరికి ఆదరణ, ఎవరికి అనుమానం అన్నది ఆయా ప్రభుత్వాల ఇష్టం.

నేను ఏదైనా చేయొచ్చా?

ఉత్తరం రాయొచ్చు, అది పాత పద్ధతే గానీ పేరు బతికుంచుతుంది. స్పానిష్, రష్యన్ వస్తే అసైలం పత్రాల అనువాదానికి ఎప్పుడూ మనుషులు చాలరు. అమెరికాలోనో యూరప్‌లోనో ఉంటే మీ ఊరి శరణార్థుల సంస్థని అడగండి. కావలసినవి పెద్దవేం కావు: మొదటి నెలకి ఫోన్, పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడం (జైలు నుంచి వచ్చినవాళ్ళకి దాదాపు అందరికీ పళ్ళు పాడైపోయి ఉంటాయి), బ్యాంకు ఖాతా తెరిపించడం, పిల్లల్ని బడిలో చేర్పించడం.

ఒక ఖైదీ గురించి నాకు తెలిసింది, వెంటనే సోషల్ మీడియాలో పెట్టేయనా?

ఆగండి. ముందు కుటుంబాన్నో, లాయరునో అడగండి. చాటుగా మాటలు నడుస్తుంటే మీ పోస్టు వల్ల అవి ఆగిపోవచ్చు. పెట్టమంటే పేరు, అరెస్టయిన తేదీ, జైలు పేరు, మోపిన సెక్షన్ సరిగ్గా రాయండి. తప్పుడు వివరం ఒక్కటి దొర్లినా ప్రభుత్వం దాన్నే పట్టుకుని మిగతాదంతా అబద్ధమంటుంది. వద్దంటే పెట్టకండి. పిల్లల ఫోటోలు, ఇంటి చిరునామా, తప్పించుకున్న దారి అయితే వాళ్ళు సరేనన్నా పెట్టకండి, వెనక ఇంకెవరో అదే దారిలో వస్తుండొచ్చు.